అమ్మకానికి అంబాసిడర్

పిల్లలూ! పోయిన వేసవిలో ఏలూరు రామచంద్రరావుపేటలో ఒక ఇంటి గేటుకు ఒక అట్ట వేళ్ళాడుతూ ఉండేది. "1972 నాటి అంబాసిడర్ కారు అమ్మబడును. రవ్వంత లోపం లేదు" అని దానిమీద నల్లరంగుతో పెద్ద పెద్ద అక్షరాలు. ఆ అక్షరాలు నావి. నేను హెడ్మాస్టరుగా పనిచేసి రిటైరయినవాణ్ణి. అందుచేత మా పేటలో ఎవరికి ఏ బోర్డు కావలసివచ్చినా, ఏ అర్జీ రాయవలసివచ్చినా నా దగ్గిరికే వస్తారు. నాలుగు రోజుల తరవాత ఆ అట్ట తీసేసి మరొకటి రాయవలసివచ్చింది. ఎందుకు రాయవలసివచ్చిందో చెబుతాను. పాత కారును ఎలా చూడాలో కూడా దానితోబాటే మీకు తెలుస్తుంది.

ఆ కారు ఒక ప్లీడరుగారిది. ఆయనా నేనూ చిన్నప్పుడు ఒకే బల్లమీద కూచుని చదువుకున్నాం. 1972లో వాళ్ళ నాన్నగారు ఆ కారు ఇంటికి తెచ్చిననాడు సాయంత్రం మా క్లాసంతా ఆ ఇంటి ముందే ఉన్నది. ఒక్కొక్కణ్ణే వెనక సీట్లో కూచోబెట్టి లేపేశారు. నా వంతు వచ్చేసరికి చీకటిపడింది. ఆ రోజుల్లో కారంటే డబ్బుంటే చాలదు. పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి కాచుకుని ఉండాలి. దేశం మొత్తంమీద దొరికే కార్లు మూడే రకాలు: కలకత్తా దగ్గిర తయారయే అంబాసిడర్, బొంబాయిలో తయారయే ఫియెట్, మద్రాసులో తయారయే స్టాండర్డ్. వీటిలో పెద్దది అంబాసిడరే. కలెక్టరుగారికీ, మంత్రిగారికీ, పెద్ద డాక్టరుగారికీ అదే. తెల్ల అంబాసిడర్ వీధిలోకి వస్తే, లోపల ఎవరున్నారో తెలియకముందే జనం పక్కకు తప్పుకునేవాళ్ళు.

ఈ కారు పుట్టినిల్లు మన దేశం కాదు. ఇంగ్లండులో ఆక్స్‌ఫర్డ్ అనే ఊరున్నది. ఆ పేరుకు అర్థం ఎద్దులు ఏరు దాటే రేవు అని. విలియం మోరిస్ అనే ఆయన ఆ ఊళ్ళో సైకిళ్ళు బాగుచేసుకుంటూ ఉండి, 1913లో కార్లు తయారుచేయటం మొదలుపెట్టాడు. తన కారుకు ఊరిపేరే పెట్టి, దాని ముక్కుమీద నీటి అలలూ, పైన ఒక ఎద్దూ ఉన్న బిళ్ళ బిగించాడు. ఎడ్ల రేవులు మన గోదావరి జిల్లాలో ఊరూరా ఉన్నాయి. కాని వాటి పేరుమీద మనం కారు చేయలేదు, అది వేరే సంగతి. 1956లో వచ్చిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ మూడవ వరస కారును హిందూస్థాన్ మోటార్సువారు తీసుకుని, హుగ్లీ నది ఒడ్డున ఉత్తరపారాలో ఉన్న తమ ఫ్యాక్టరీలో 1950ల చివరనుంచి అంబాసిడర్ అనే పేరుతో తయారుచేశారు. ఇంగ్లండువారు ఆ నమూనాను 1959లోనే మానేశారు. ఇక్కడ మాత్రం 2014 మే నెల వరకూ తయారవుతూనే వచ్చింది. కన్నతల్లి మరిచిపోయిన బిడ్డను పెంచినతల్లి యాభై ఏళ్ళకు పైగా సాకిందన్నమాట.

మా ప్లీడరుగారిది అందులో రెండవ రకం, మార్క్ టూ అంటారు. ముందువైపు చిన్న చిన్న గళ్ళ జల్లెడ ఉంటుంది. ముందు సీటు ఈ కొసనుంచి ఆ కొసకు బల్లలా ఒకటే. గేరు కర్ర కింద ఉండదు, స్టీరింగు చక్రం కిందనే పక్కకు పొడుచుకుని ఉంటుంది. ఎదటి బండివాడి కళ్ళు చెదరకుండా దీపాలు వంచాలంటే ఎడమకాలితో నేలమీది మీటను తొక్కాలి. బాటరీ నీరసిస్తే ముందునుంచి ఇనపకడ్డీ దూర్చి తిప్పితే ఇంజను లేస్తుంది. అయితే ఆ కడ్డీ ఒక్కొక్కసారి ఎదురుతన్నేది. బొటనవేలిని మిగతా వేళ్ళ వైపే ఉంచి పట్టుకోవాలని మాకు నేర్పారు. మా గతుకుల కాలవగట్టు దారులకు ఈ కారు బాగా పనికివచ్చింది. ఎత్తుగా ఉంటుంది, వెనకవైపు ఎడ్లబండికి బలమైన ఇరుసులాగా దళసరి ఉక్కుపట్టీల స్ప్రింగులుంటాయి. పెళ్ళిళ్ళలో పదిమంది ఎక్కడం నేను కళ్ళారా చూశాను. అది చట్టానికి విరుద్ధం, మీరు చేయకండి.

ఇప్పుడు ప్లీడరుగారు హైదరాబాదులో కూతురిదగ్గిరికి మకాం మారుస్తున్నాడు. అక్కడి అపార్టుమెంటులో ఒక్క కారుకే చోటున్నదట. అందుకని అట్ట రాయమన్నాడు. "రవ్వంత లోపం లేదని రాయవోయ్ మేష్టారూ" అన్నాడు. నేనూ కారు చుట్టూ ఒకసారి తిరిగాను. తెల్లరంగు పాలమీగడలా మెరుస్తున్నది. రాసేశాను. అందులో తప్పు నాదీ ఉన్నది, ఎందుకంటే చూడవలసినవి చూడకుండా రాశాను.

మూడోనాటికి హైదరాబాదునుంచి ఒకాయన ఫోను చేశాడు. సినిమాలవాళ్ళకు పాతకార్లు అద్దెకిచ్చే వ్యాపారం ఆయనది. ఫోటోలు చూసి, అడిగిన ధర అడిగినట్టే ఇస్తానన్నాడు. సోమవారం బయానా పంపిస్తానన్నాడు. ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. ప్లీడరుగారి సంతోషానికి మేరలేదు.

ఆదివారం పొద్దున నేను వాళ్ళింటికి వెళ్ళాను. ఆయన మనవరాలు సెలవులకు వచ్చి ఉన్నది, ఏడో క్లాసు. ఆ పిల్లకు సరదాగా ఒక పరీక్ష చూపుదామని, నేను బళ్ళో ఇనపరజను ఆటలకు వాడిన గుర్రపునాడా అయస్కాంతం పట్టుకుపోయాను. రంగు గీసుకుపోకుండా దాన్ని పల్చని గుడ్డలో చుట్టి ఆ పిల్ల చేతికిచ్చాను. "కారుకు తగిలించుకుంటూ పో. ఎక్కడ పట్టు వదులుతుందో చెప్పు" అన్నాను.

ఈ పరీక్షలో కిటుకు ఇది. కారు ఒళ్ళు ఇనపరేకు గనక అయస్కాంతం లటుక్కున పట్టుకుంటుంది. కాని సొట్టపడ్డచోటా, తుప్పు తినేసినచోటా టింకరింగు షాపుల్లో లప్పం పెడతారు. దాన్ని పుట్టీ అంటారు. అది ఆరిన తరవాత నున్నగా తోమి పైన రంగు కొడితే, ఏది రేకో ఏది లప్పమో దేవుడికి కూడా తెలియదు. అయస్కాంతానికి మాత్రం తెలుస్తుంది. లప్పంలో ఇనుము లేదు గనక అది పట్టుకోదు. మీ నాన్నగారు పాత కారుగాని, స్కూటరుగాని కొనబోతూంటే మీరూ ఒక అయస్కాంతం జేబులో వేసుకుని వెళ్ళండి. గీతలు మాత్రం పడనివ్వకండి, ఆ బండి ఇంకా మీది కాలేదు.

బానెట్టు పట్టింది. ముందు రెక్కలు పట్టినాయి. తలుపులు నాలుగూ పట్టినాయి. ఎడమవైపు వెనక తలుపు కింద, అడుగున పొడుగునా పోయే పట్టీదగ్గిర అయస్కాంతం జారి ఆ పిల్ల కాలిమీద పడింది.

"మేష్టారు తాతగారూ, ఇక్కడ కారు లేదు!" అన్నది.

ఆ మాట నాకు ఎంతో నచ్చింది. నిజంగానే అక్కడ జానెడు పొడుగున కారు లేదు. లోపలి తివాచీ ఎత్తి చూశాం. దానికింద గోనెలాంటి మెత్త ఉన్నది. దానికింద రేకు ఎర్రగా పొరలు పొరలుగా లేచి వచ్చింది.

ఇనుము తుప్పుపట్టాలంటే రెండు వస్తువులు కావాలి: నీరు, గాలిలోని ప్రాణవాయువు. రెండింటిలో ఏ ఒక్కటి లేకపోయినా తుప్పు రాదు. కావలిస్తే మూడు మేకులు తీసుకోండి. ఒకటి బాగా ఎండిన సీసాలో వేసి బిరడా బిగించండి. రెండోది, పెద్దవాళ్ళచేత బాగా కాగబెట్టించి చల్లార్చిన నీళ్ళలో ముంచి, పైన నూనె పొయ్యండి. కాగినప్పుడు నీటిలోని గాలి పోతుంది, నూనె కొత్తగాలిని రానివ్వదు. మూడోది సగం మునిగేట్టు మామూలు నీళ్ళలో పెట్టండి. వారంరోజుల తరవాత ఏ మేకు ఎర్రబడిందో చూడండి. తుప్పుకు మరొక గుణమున్నది. అది ఇనుముకన్న ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. అందుకే రంగు కింద తుప్పు పుడితే పైన పొక్కులు లేస్తాయి. నీటిలో ఉప్పు కలిసిందంటే ఇంకా త్వరగా తింటుంది.

ఇక్కడ మన కొల్లేటి సంగతి చెప్పాలి. కృష్ణా డెల్టాకూ గోదావరి డెల్టాకూ మధ్య పళ్ళెంలాంటి పల్లంలో కొల్లేరు ఉన్నది. బుడమేరు, తమ్మిలేరు దానిలోకి నీళ్ళు తెస్తాయి. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రానికి తీసుకుపోతుంది. వేసవిలో నీరు తగ్గినప్పుడు అదే ఉప్పుటేరు వెంట సముద్రపు ఉప్పునీరు వెనక్కు ఎగదన్నుతుంది. చుట్టూ చేపల చెరువులు. ఇటువంటిచోట ఇనపవస్తువు ఆరడం కష్టం. ఏలూరునుంచి కైకలూరు పోయే రోడ్డు ఈ కొల్లేటి మధ్యగానే పోతుంది. వానలు ఎక్కువైన ఏడు ఆ రోడ్డుమీదికి నీళ్ళు వస్తాయి.

ప్లీడరుగారు కుర్చీలో కూచుని చాలాసేపు ఆలోచించి, "ఆఁ, గుర్తొచ్చింది" అన్నాడు. ఎప్పుడో ఒక వానాకాలంలో కైకలూరు కోర్టుకు పోతూంటే పెదయడ్లగాడి దగ్గిర నీళ్ళు తలుపు కిందనుంచి లోపలికి వచ్చినాయట. ఇంటికి వచ్చి తివాచీ ఎండబెట్టారు. కింది మెత్త సంగతి ఎవరికీ తట్టలేదు. అది తడిగుడ్డలాగా నెలల తరబడి రేకును అంటిపెట్టుకుని ఉండిపోయింది. తరవాత ఎప్పుడో ఒక షాపులో రంగు వేయించారు. ఆ షాపువాడు చెడిన రేకు కోసి కొత్తరేకు అతకవలసింది పోయి, లప్పం కూరి రంగు కొట్టి డబ్బు తీసుకున్నాడు.

మిగతా కారంతా ఎలా బాగున్నదంటారా? వాళ్ళ నాన్నగారి పుణ్యం. ఆయన కొల్లేటి ప్రయాణం చేసి వచ్చినప్పుడల్లా పై మెరుపు సంగతి వదిలేసి, చక్రాల గూళ్ళలోని బురద కడిగించేవాడు. తలుపుల అడుగున నీరు కారిపోవటానికి సన్నని బెజ్జాలుంటాయి. అవి దుమ్ముతో పూడుకుపోతే తలుపు లోపలే కుళ్ళుతుంది. ఆయన చీపురుపుల్లతో ఆ బెజ్జాలు పొడిచి శుభ్రంచేసేవాడు. ఆ పని చిన్నప్పుడు మా చేత కూడా చేయించాడు. ఇంజనులోంచి తీసిన పాతనూనె పారబోయకుండా కారు అడుగుభాగానికి పూయించేవాడు.

సరే, ఆ జానెడు తుప్పు పైపైనేనా, ఎముకదాకా పోయిందా? అది తెలుసుకోవాలి. లారీకీ జీపుకూ అడుగున దూలాలవంటి చట్రం వేరే ఉంటుంది, ఒళ్ళు దానిమీద కూచుంటుంది. అంబాసిడరుకు చట్రం వేరే లేదు. నేల, పైకప్పు, తలుపులకింది పట్టీలు అన్నీ కలిసి పెట్టెలాగా బరువు మోస్తాయి. అందుచేత పట్టీ తుప్పుపడితే నడుం విరిగినట్టే. ఎడమవైపు జాకీ పెట్టి మెల్లిగా ఎత్తాం. కారు ఎత్తి ఉండగా తలుపు తెరిచి మూశాం. నడుం బలహీనమైతే ఒళ్ళు వంగి, తలుపు చట్రంలో పట్టదు. తలుపు "టక్" మని పడింది. ఆ చప్పుడు విని ప్లీడరుగారు మొట్టమొదటిసారి ఊపిరి పీల్చుకున్నాడు.

మిగతావి కూడా చూశాం. పొగ నీలంగా వస్తే నూనె మండుతున్నదని, నల్లగా వస్తే పెట్రోలు ఎక్కువవుతున్నదని అర్థం. ఈ ఇంజను లేచినప్పుడు కాస్త నీలిపొగ వచ్చి ఆగిపోయింది, ఈ వయసుకు అది తప్పుకాదు. మీటరులో అంకెలు అయిదే. 99,999 తరవాత మళ్ళీ సున్నకు వస్తుంది గనక దాని మాట నమ్మకూడదు. కాలి పెడళ్ళమీద రబ్బరు ఎంత అరిగిందో చూడాలి. ఇంజను నంబరూ, అడుగుభాగం నంబరూ రిజిస్ట్రేషను పుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. బండి నంబరు కూడా ఇప్పటి ఏపీ 37, ఏపీ 39 పద్ధతి కాదు, పాతకాలపు మూడక్షరాల నంబరు. పదిహేనేళ్ళు దాటిన సొంతకారును అయిదేళ్ళకొకసారి చూపించి రిజిస్ట్రేషను పొడిగించుకోవాలి. అదీ సరిగానే ఉన్నది.

అసలు చిక్కు ఇప్పుడు వచ్చింది. "రేపు బయానా వస్తుంది. ఆయన ఏమీ అడగలేదు కదా, మనమెందుకు చెప్పాలి?" అన్నాడు ప్లీడరుగారు. "కొనేవాడు చూసుకుని కొనుక్కోవాలని 1930 నాటి సరుకుల విక్రయ చట్టంలోనే ఉన్నది."

నేను మాట్లాడలేదు. ఆయన చట్టం చెబితే నేనెప్పుడూ ఓడిపోతాను.

"మరి అట్టమీద రవ్వంత లోపం లేదని రాశారుగా తాతయ్యా?" అన్నది మనవరాలు.

ప్లీడరుగారికి కోపం వచ్చింది. మనవరాలిమీద చూపలేక నామీద చూపాడు. నీ అయస్కాంతం నువ్వు తీసుకుపో అన్నాడు. నేను ఇంటికి వచ్చేశాను. అయస్కాంతం మాత్రం ఆ పిల్లదగ్గిరే ఉండిపోయింది.

సోమవారం పొద్దున్నే ఆయన మా గుమ్మంలో నిలబడ్డాడు, చేతిలో కొత్త అట్ట. కొనేవాడు చూసుకోవాలనేది నిజమే గాని, తెలిసిన లోపాన్ని లేదని రాసి అమ్మితే అదే చట్టానికి మరొక పేరున్నదని నలభై ఏళ్ళు కోర్టులో వాదించిన మనిషికి నేను చెప్పనక్కర్లేదు. రాత్రి హైదరాబాదుకు ఫోను చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పేశాడట. ఆయన, సగం ధరకైతే తీసుకుంటాననీ, దీపాలూ జల్లెడా తలుపులూ వేరే కార్లకు వాడుకుని మిగిలింది పాతయినానికి వేస్తాననీ అన్నాడట. "నాన్నగారి కారును కోస్తాడటోయ్" అన్నాడు. అతని గొంతు అలా వణకటం నేను అదివరకు వినలేదు.

కొత్త అట్టమీద ఇలా రాశాను: "1972 నాటి అంబాసిడర్. ఎడమ వెనక తలుపు కింద జానెడు తుప్పు, లప్పం. నడుం గట్టిది. చూసి కొనవచ్చును."

తొమ్మిది రోజులు ఎవరూ రాలేదు. పదోనాడు తాడేపల్లిగూడెంనుంచి ఒక మెకానిక్ వచ్చాడు, ముప్పై అయిదేళ్ళుంటాయి. అతని తండ్రి జీవితమంతా అంబాసిడర్లే బాగుచేశాడట, తనకంటూ ఒకటి కొనుక్కోలేకపోయాడట. అతను తుప్పు చూసి, "ఇది కోసి కొత్తరేకు అతికించేస్తానండి, ఆయ్" అన్నాడు. తరవాత, మాకు ఎవరికీ తోచని పని చేశాడు. బాటరీ విప్పి పక్కన పెట్టాడు. దానికింది పళ్ళెం ఈనెల జల్లెడలా ఉన్నది! బాటరీలో ఉండేది గంధకామ్లం. అది కారినా, దాని ఆవిరి తగిలినా ఇనుమును తినేస్తుంది. ప్లీడరుగారు నావైపు చూశాడు. నేను మామిడిచెట్టువైపు చూశాను. అన్నీ కలిసి మొదటి ధరలో నలభైవేలు తగ్గింది. ఇరవై తొమ్మిదో నంబరు ఫారమూ, ముప్ఫయ్యో నంబరు ఫారమూ మీద సంతకాలయినాయి. బండి చేతులు మారినప్పుడు రవాణా ఆఫీసుకు ఇవ్వవలసినవి అవే.

కారును దిగబెట్టి వద్దామని నేనూ, ప్లీడరుగారి మనవరాలూ కూడా ఎక్కాం. ప్లీడరుగారు రానన్నాడు. గేటు వేసి లోపలికి పోయాడు. గుండుగొలను, భీమడోలు దాటాం. ముక్కోణపు అద్దం తిప్పి పెడితే గాలి మొహంమీదికి జల్లున వచ్చింది. పూళ్ళ దగ్గిర, మిట్టమధ్యాహ్నం ఎండలో ఇంజను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. నాకు గుండె గుభేలుమన్నది. మెకానిక్ నవ్వుతూ దిగి, చేతిగుడ్డ తడిపి పెట్రోలు పంపుమీద కప్పాడు. వేడికి గొట్టంలోని పెట్రోలు ఆవిరై బుడగలు కడుతుంది. పంపు ఆ బుడగలనే నొక్కుతూ ఉంటుంది గాని పెట్రోలు ముందుకు రాదు. తడిగుడ్డ ఆరుతూ వేడిని లాగేస్తుంది, కుండలో నీరు చల్లబడ్డట్టే. పది నిమిషాలకు ఇంజను లేచింది. ఇప్పటి పెట్రోలులో ఇథనాలు కలుస్తున్నది గనక పాత రబ్బరు గొట్టాలన్నీ మార్చాలని అతను దారిపొడుగునా చెబుతూనే ఉన్నాడు.

తాడేపల్లిగూడెంలో అతని షెడ్డుముందు ఒక ముసలాయన స్టూలుమీద కూచుని ఉన్నాడు. కారు చప్పుడు విని లేచి, చేత్తో తడుముకుంటూ వచ్చి, బానెట్టుమీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "మార్క్ టూ" అన్నాడు, చూపు ఆననివాడు.

మేము తిరుగురైలు ఎక్కి చేబ్రోలు దాటిన తరవాత ఆ పిల్ల ఒక్కసారిగా లేచి జేబులు తడుముకున్నది. నా అయస్కాంతం ఆ కారు ముందుసీటు కింద, గట్టి ఇనుమున్నచోట, అంటుకునే ఉండిపోయింది.